పది గదుల ఇంటికి పెద్ద పొయ్యి

నేను ఒక ఇనప పొయ్యిని. వంటపొయ్యిని కాదు, చలి కాచుకునే పొయ్యిని. కట్టెలు మింగి, పొగను గొట్టం గుండా కప్పు మీదికి పంపి, గదిని వెచ్చగా ఉంచడం నా పని. కడుపుమంట నాకు పుట్టుకతో వచ్చింది కాబట్టి నా మాటల్లో కాస్త ఓర్వలేనితనం కనబడితే ఏమీ అనుకోకండి.

నర్సీపట్నంలో ఒక వెల్డింగు షాపులో పుట్టాను. నన్ను చేయగా మిగిలిన రేకు ముక్కలతో ఇంకో పొయ్యి చేశారు. అది నా నడుము ఎత్తు కూడా లేదు. ఆ పొట్టిదాన్ని నేను మొదటినుంచీ లెక్కచేయలేదు.

లంబసింగిలో కొత్తగా పది గదుల ఇల్లు కట్టిన కాఫీగింజల వ్యాపారి సన్యాసినాయుడు, భార్య పైడితల్లమ్మతో కలిసి పొయ్యి కొనడానికి వచ్చాడు. ఆమె తిన్నగా ఆ పొట్టిదాని దగ్గరికే వెళ్ళింది.

"ఇల్లు పెద్దదే గానీ ఉండీది మనం, కొడుకూ కోడలూనే కదేటి. అందరం ఎనక గదిలోనే కూకుంటాం. ఇది సాల్దా?" అంది.

"పది గదులింట్లో పిల్లపొయ్యెట్టుకుంటే ఊరోళ్ళు నవ్వరేటే?" అన్నాడాయన.

నా ఆనందం ఏం చెప్పను! మనుషులు చెప్పులు కొనేటప్పుడు తమ పాదం చూసుకుంటారు. పొయ్యి కొనేటప్పుడు మాత్రం పక్కింటివాడి మొహం చూస్తారు. ఆ గుణం వల్లే నేను లారీ ఎక్కాను.

నన్ను హాల్లో సోఫాల ఎదురుగా నిలబెట్టారు. తొలిరోజు చుట్టాలను పిలిచి, నాయుడు నా నోటినిండా కట్టెలు కుక్కాడు. నేనూ నా ప్రతాపం చూపించాను. లంబసింగి చలిలో చుట్టాలకు చెమటలు పట్టాయి. స్వెట్టర్లు విప్పి చేత పట్టుకుని, కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. మర్నాటినుంచి నాకు గాలి అందే చిన్న తలుపు మూసి, నాలుగు పుల్లలే వేయసాగాడు. ఇంత పొట్టకు అవి ఏ మూలకు? మంట లేవక హాలంతా పొగ. నిండా పెడితే ఉక్కపోత, అరకొరగా పెడితే పొగ. ఇందులో నా తప్పేముంది?

అప్పుడే కోడలు హేమ పసిపిల్లతో పుట్టింటినుంచి వచ్చింది. నా పొగకు ఆ పిల్ల దగ్గింది. పైడితల్లమ్మ ఇక మొగుణ్ణి అడగలేదు. ఆటోలో వెళ్ళి ఆ పొట్టిదాన్ని తెచ్చి వెనక గదిలో పెట్టించింది.

అప్పటినుంచి ఇల్లంతా అక్కడే. దానికి రెండు పుల్లలు వేస్తే చాలట! దాని పక్కనే పిల్ల గుడ్డలు ఆరేస్తారట, దాని మీద చిలగడదుంపలు కాలుస్తారట. పిల్లి కూడా అటే వెళ్ళిపోయింది. దాని గొట్టం ఊడిపడాలని, దానికి తడికట్టెలే దొరకాలని కోరుకున్నాను. ఏదీ జరగలేదు.

నాకు మిగిలింది నాయుడు ఒక్కడే. శాలువా కప్పుకుని, కళ్ళు తుడుచుకుంటూ, నా ముందే కూర్చునేవాడు. "దీని ముందు అదేపాటి?" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పేవాడు. ఆ బింకం చూసి నాకు ప్రాణం లేచొచ్చేది.

ఒక సాయంత్రం వెనక గదిలో ఒకటే కేరింతలు. పిల్ల బోర్లా పడిందట. "బొబ్బట్లు చెయ్యాలి!" అంటోంది హేమ.

"ఒలే, మనవరాల్ని ఓపాలి ఇలా తేండే!" అని కేకేశాడు నాయుడు.

"ఆ పొగలోకి పిల్లని తేను. మీరే రండి," అంది పైడితల్లమ్మ.

నాయుడు నావైపు చూశాడు. పేము కుర్చీ ఎత్తుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. "కొంచెం జరగండర్రా" అనడం నాకు వినబడింది.

ఇన్నాళ్ళూ ఆ పొట్టిదాన్ని చూసి ఏడ్చాను. ఇప్పుడు నాయుణ్ణి చూసి ఏడుస్తున్నాను. కాళ్ళు నాకూ నాలుగున్నాయి, ఆ గదిదాకా నడవడానికే పనికిరావు.