ఎనిమిదో కణుపు మీది దువ్వెన

రిపోర్టు మీద సంతకం పెట్టి మధ్యాహ్న భోజనానికి ఇంటికొచ్చిందన్న మాటేగాని, ఆమెకు కాలు నిలవడం లేదు.

పూలలో దాక్కునే తామర పురుగుల్లో ఏది ఏ జాతో తేల్చడం పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగం. ఆ ఉదయం తేల్చినవి అక్కాబావల గులాబీ షెడ్డులోవి. "స్థానిక జాతి, ప్రమాదం లేదు" అని రాసింది. అదే మందులకు లొంగని పరాయి జాతయితే షెడ్డులోని మొక్కలన్నీ పీకి తగలబెట్టాల్సిందే.

నువ్వుగింజలో సగం లేని ఒళ్లు. రెండు జాతులూ అచ్చం అక్కాచెల్లెళ్లే. స్థానికదానికి కంటి వెనక వెంట్రుక పొట్టి. పరాయిదానికి అది పొడుగు, పైగా పొట్ట మీది ఎనిమిదో కణుపు అంచున దువ్వెన పళ్లలాంటి వరస. చూసిన ఆరింటిలో ఐదు స్పష్టంగా స్థానికాలే. ఆరోది స్లైడు మీద పక్కకు ఒరిగిపోయింది. తలా సరిగా కనబడలేదు, దువ్వెనా కనబడలేదు. ఒకే పువ్వులోవేగా అని దాన్నీ ఐదింటిలో కలిపేసింది.

కంచం ముందు నుంచి లేచి ల్యాబుకి పరుగెత్తింది. నమూనా సీసాలో మిగిలిన పురుగులను ఒక్కొక్కటే స్లైడు మీద సర్దింది. నాలుగోదానికి పొడుగు వెంట్రుక. కిందికి జరిపితే దువ్వెన, ఒక్క పన్నూ పోకుండా. లేచింది, కూర్చుంది, మళ్లీ చూసింది. అదే.

"బావా, ఉన్నపళంగా ల్యాబుకి రండి," అని ఫోను చేసింది.

"పూలు లారీకెక్కిస్తున్నానమ్మా. పొద్దున బాగానే ఉందన్నావుగా?"

"ఎక్కించకండి. పొరబడ్డాను."

బావ మట్టిచేతులతోనే వచ్చి మైక్రోస్కోపు మీద వంగాడు.

"ఈ నాలుగు వెంట్రుకల కోసం నా షెడ్డు కాల్చమంటావా?"

"లారీ కదిలితే చుట్టుపక్కల తోటలన్నిటికీ అంటుకుంటుంది బావా."

"మరి పొద్దున ఎందుకు చూడలేదు?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసింది. "అనుమానం వచ్చింది. మీ షెడ్డు కదాని వదిలేశాను."

బావ వెళ్లిపోయాడు. తప్పు తనదేనని ఆమె పై అధికారికి రాసి, కొత్త రిపోర్టు పంపింది. అయినా కుదురు లేదు, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

సాయంత్రం అక్క ఫోను. "మీ బావ మొక్కలు పీకుతున్నాడు. నీతో మాట్లాడడట. అయినా నువ్వు రావే, చేతులు చాలట్లేదు."

వెళ్లింది. బావ ఆమె వంక చూడలేదు. వరసలో కాస్త పక్కకు జరిగి, ముళ్లు గుచ్చుకోకుండా తొడుక్కునే చేతి తొడుగులు ఆమె వైపు విసిరాడు.