వెనక్కి చూసే సీటు

అల్లుడికి కావలసింది ఒకే ఒక్క మాట. "బాగుంది." దారిలో ఆ మాట చాలామంది నోట వచ్చింది. బంకులో పెట్రోలు పోసే మనిషి పైపు బండిలో పెట్టడం మరిచిపోయి బండి చుట్టూ తిరిగాడు. బడి దగ్గర పిల్లలు దాని వెంటే పరుగెత్తారు. కానీ వాళ్ళందరూ అంటే ఏం లాభం? మామగారు అనాలి.

మామగారు ఊరంతటికీ డ్రైవింగ్ నేర్పిన మాస్టారు. మెచ్చుకోవడం ఆయన పాఠాల్లో లేదు. ఎంత బాగా నడిపినా "పరవాలేదు, మనిషినైతే చంపవు" అనేవారు. ఆ మాటకే శిష్యులు మిఠాయిలు పంచుకునేవారు. కూతురికి ఈ సంబంధం ఖాయం చేసిన రోజున కూడా అల్లుడి చేతులు రెండూ తిప్పి చూసి, "పనికొచ్చేలా ఉన్నాయి" అన్నారు తప్ప, కుర్రాడు బాగున్నాడని అనలేదు. అల్లుడు ఆ సంగతి ఇప్పటికీ మరిచిపోలేదు.

బండి మాస్టారిదే. వెనక సామాన్లకు బోలెడు చోటుండే పొడవాటి పాత కారు, స్టేషన్ వ్యాగన్. ఇంజన్ బిగుసుకుపోయాక ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద, గేటు బయట వీధిలో పడి ఉంది. లోపల బోలెడంత చోటున్నా మాస్టారు ఎన్నో ఏళ్ళుగా దాన్ని లోపల పెట్టనివ్వలేదు. "గేటు ఇరుకు, ఇంట్లో ఆడవాళ్ళ డ్రైవింగు ఉంది" అనేవారు. చివరికి ఒకరోజు అల్లుణ్ణి పిలిచి, "తీసుకుపోవయ్యా, తుప్పు రాలి వీధి పాడవుతోంది" అన్నారు. అల్లుడికి బండ్ల సొట్టలు తీసి రంగులేసే షెడ్డుంది. వరమిచ్చినట్టు తీసుకుపోయాడు.

రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం బండి కిందే గడిపాడు. అత్తగారు కూతురిని చూసే నెపంతో ఆదివారాలు వచ్చేవారు. తల్లీకూతుళ్ళిద్దరూ షెడ్డులోని చిన్న వ్యాను వేసుకుని కూరగాయలకని వెళ్ళి, మధ్యాహ్నానికి ఖాళీ సంచితో తిరిగొచ్చేవారు. వ్యానులో పెట్రోలెందుకు అయిపోతోందో, ఇంట్లో కూర ఎందుకు ఉండటం లేదో అల్లుడు ఆలోచించనే లేదు. బండి ధ్యాసలో ఉన్నవాడికి ఆకలి కూడా ఆలస్యంగానే వేస్తుంది.

ఆ బండి ఇవాళ పూర్తయింది. పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, హారన్ కొట్టుకుంటూ, ఠీవిగా గేటులోంచి లోపలికే తెచ్చి నిలిపాడు.

మాస్టారు అరుగు దిగుతూనే మొదలుపెట్టారు. "లోపలికెందుకు తెచ్చావయ్యా? బయట పెట్టకూడదూ?"

"అందరూ తీరిగ్గా చూస్తారని, మామగారూ."

చూడటానికి చాలానే ఉంది. కింది సగం ముదురాకుపచ్చ, పై సగం మీగడరంగు. పక్కల పొడవునా నున్నగా పాలిష్ పట్టిన కర్ర పలకలు. మొహం చూసుకునేంతగా మెరిసే బంపర్లు. నేలకు కాస్త దగ్గరగా, వెడల్పాటి చక్రాల మీద, పొట్టనిండా తిని పడుకున్న పిల్లిలా ఉంది బండి. స్టీరింగ్‌కి తోలు తొడుగు అల్లుడు తన చేత్తోనే కుట్టాడు.

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగారు. అల్లుడు ఒకడుగు వెనక నడిచాడు. పరీక్ష పేపరు దిద్దుతున్న పంతులు వెనక నిలబడ్డ విద్యార్థిలా, ఆయన చూపు ఎక్కడ ఆగుతుందో చూస్తున్నాడు.

"ఎత్తు తగ్గించావేం?"

"అందం కోసం, మామగారూ. మలుపుల్లో ఊగదు కూడా."

"గుంటలో దిగితే నువ్వు లేపుతావా, క్రేన్ లేపుతుందా?" ఒకడుగు వేశారు. "కర్ర ఎందుకు?"

"పాతకాలపు ఠీవి..."

"చెదలు పడితే బండికి మందు కొట్టిస్తావన్నమాట."

హారన్ నొక్కి, గొంతు బాగాలేదన్నారు. తలుపు మూసి, చప్పుడు చాలలేదన్నారు. క్లచ్ తొక్కి చూసి మాత్రం ఏమీ అనలేదు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషికి ఈక దొరకలేదంటే అదే పెద్ద బహుమానం. అల్లుడి గుండె కొంచెం పొంగింది. ఆ పొంగులో వెనక తలుపు తెరిచి, తన పనితనంలో తలమానికం అనదగ్గది చూపించాడు. నేలలోని పలక ఎత్తితే ఇద్దరు కూర్చునే సీటొకటి పైకి లేచింది. దానిలో కూర్చున్నవాళ్ళ మొహం వెనకవైపు, రోడ్డు కేసి ఉంటుంది.

మాస్టారు దాన్ని ఎగాదిగా చూశారు. "వెనక్కి చూసే సీటా? ఎవరికయ్యా ఇది? ఎక్కడికి పోతున్నామో తెలియక్కర్లేని వాళ్ళకా?"

అల్లుడి మొహం వాడిపోయింది. పెళ్ళాం అరుగు మీంచి, ఓర్చుకోమన్నట్టు చెయ్యి ఊపింది.

అప్పుడు మాస్టారు బండి ఎడమవైపు వెనక మూలకు వచ్చి ఆగిపోయారు. అరచెయ్యి పెట్టి తడిమారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ తడిమారు.

"సొట్టేదీ?"

"తీసేశాను మామగారూ!" అల్లుడు ఉత్సాహంగా అన్నాడు. "నాలుగు వారాలు పట్టింది. లోపలి నుంచి మెల్లగా కొట్టుకుంటూ..."

పాపం, ఏం తీశాడో వాడికి తెలియదు. ఆ ఇంట్లో ఆ సొట్ట ఉత్త సొట్ట కాదు. కొత్తగా పెళ్ళయినప్పుడు అత్తగారు డ్రైవింగ్ నేర్చుకుంటూ, వెనక్కి పోనిచ్చి పక్కింటి గోడకు తగిలించి పెట్టిన సొట్ట అది. ఆ రోజు నుంచి ఆవిడ చేతికి తాళం అందలేదు. కూరలో ఉప్పెక్కువైనా, చుట్టాలకు కబురు చేయడం మరిచినా, మాస్టారు వేలు గేటు బయటకు చూపించి "ఆ సొట్ట పెట్టిన రోజే అనుకున్నాను" అనేవారు. ఎంత పెద్ద తగవైనా సొట్ట దగ్గరికి వచ్చేసరికి తేలిపోయేది.

అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చారు. "ఏ సొట్టండీ?"

"ఏ సొట్టేమిటి! నువ్వు పెట్టిన సొట్ట!"

ఆవిడ వంగి, నున్నటి రేకు మీద చెయ్యి పోనిచ్చారు. మొహం విచ్చుకుంది. "నేనెప్పుడు పెట్టాను? ఎక్కడుంది చూపించండి?"

మాస్టారు గిరుక్కున అల్లుడి కేసి తిరిగారు. "నిన్నెవడు తియ్యమన్నాడయ్యా? సరే, తాళం ఇటియ్యి. డ్రైవింగంటే ఏమిటో ఈ ఇంట్లో వాళ్ళకి మళ్ళీ ఒకసారి చూపించాలి."

ఎక్కి కూర్చున్నారు. అద్దం సర్దారు. మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, మహారాజులా బండిని గేటు కేసి వెనక్కి పోనిచ్చారు.

"ఎడమవైపు చూసుకోండి," అన్నారు అత్తగారు.

"నాకు నువ్వు చెబుతావా!"

ధడ్!

బండి ఆగింది. అల్లుడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తెరిచిన గేటు కొట్టుకోకుండా తగిలించే ఇనుప కొక్కెం ఒకటి గేటు స్తంభంలోంచి పొడుచుకుని ఉంటుంది. బండి ఎడమ మూల నేరుగా దాని మీదికి పోయింది. నాలుగు వారాల పని రేకులోకి ముడుచుకుపోయింది.

మాస్టారు దిగి, బండిని కాక ఆకాశాన్ని చూస్తూ నిలబడ్డారు. అత్తగారు మాత్రం చేతిగుడ్డతో ఆ చోటు తుడవడం మొదలుపెట్టారు. అలవాటు. బండి తిరిగిన రోజుల్లో వారం వారం పాత సొట్టనూ ఆవిడే తుడిచేవారు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయారు.

"ఇదేమిటి?" అన్నారు మెల్లగా. "సొట్ట మధ్యలో బఠానీ గింజంత గుంట. పాత సొట్టలోనూ ఇలాగే ఉండేది. ఎప్పుడూ గుడ్డ చిక్కుకునేది."

ఆవిడ కొక్కేన్ని చూశారు. తర్వాత పక్కింటి గోడను చూశారు. ఉత్త గోడ. నున్నగా ఉంది.

"అల్లుడుగారూ, పాత సొట్టని మీరు నాలుగు వారాలు చూశారు కదా. గోడకి తగిలితే ఇలాంటి గుంట పడుతుందా?"

ఆ గుంట అల్లుడికి బాగా గుర్తుంది. ఏ ఇనుప కొక్కెమో గుచ్చుకుని ఉంటుందని అప్పుడే అనుకున్నాడు కూడా. ఇప్పుడు నిజం చెబితే, ఆ ఒక్క మాటా ఈ జన్మకు దక్కదు. "పడొచ్చు" అనేస్తే చాలు, మామగారు జీవితాంతం మెచ్చుకుంటారు. మామగారు ఆకాశం లోంచి దిగి, జీవితంలో మొదటిసారి అల్లుడి కళ్ళలోకి ఆశగా చూశారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అరుగు మీంచి పెళ్ళాం కూడా చూస్తోంది. అంతకంటే ఎక్కువగా, గుడ్డ పట్టుకుని నిలబడ్డ అత్తగారు చూస్తున్నారు.

"పడదు, అత్తయ్యగారూ," అన్నాడు. "ఇది కొక్కెమే. అదీ కొక్కెమే."

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"చెబుదామనే అనుకున్నాను," అన్నారు మాస్టారు చివరికి. "అంతకు ముందు రోజే నా చేతుల్లో కొక్కేనికి తగిలింది. పొద్దున్నే చెబుదామనుకునేలోపు నువ్వు పక్కింటి గోడ దాకా పోనిచ్చి, దిగి, చూసుకుని, నేనే పెట్టేశానని ఏడుపు మొదలుపెట్టావు. నువ్వే ఒప్పేసుకుంటుంటే మధ్యలో నేనెందుకులే అని..."

"గోడకి తగల్లేదా నేను?"

"జానెడు దూరంలో ఆపావు." ఆయన గొంతు తగ్గిపోయింది. "బాగానే ఆపావు."

అత్తగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. కోపమో, సంతోషమో ఆవిడకే తెలిసినట్టు లేదు. జానెడు దూరంలో ఆపిన మనిషి, జీవితమంతా పక్క సీట్లో కూర్చుంది. కళ్ళు తుడుచుకుని చెయ్యి చాపారు.

"తాళం ఇటివ్వండి."

"నీకెలా వస్తుందిప్పుడు?"

"అమ్మకు వచ్చు నాన్నా," అంది కూతురు అరుగు దిగుతూ. "రెండేళ్ళుగా కూరగాయలు తెస్తోంది కదా."

అల్లుడికి ఖాళీ సంచులన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

అత్తగారు స్టీరింగ్ ముందు కూర్చున్నారు. కూతురు ముందు తలుపు తీసి పక్కన ఎక్కేసింది. మాస్టారు మధ్య తలుపు మీద చెయ్యి వేశారు.

"అక్కడ కాదు," అన్నారు అత్తగారు. "వెనక."

ఊరంతటికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి నోరెత్తకుండా వెనక తలుపు ఎక్కి, మోకాళ్ళు ముడుచుకుని, వెనక్కి చూసే సీట్లో కూర్చున్నారు.

అల్లుడు పరుగున వెళ్ళి కొక్కెం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. అవసరం లేకపోయింది. అత్తగారు బండిని కాస్త ముందుకు లాగి, సరిచేసుకుని, గేటులోంచి నింపాదిగా వెనక్కి వీధిలోకి తీసి తిప్పారు. కొక్కేనికీ బండికీ మధ్య జానెడు దూరం ఉంది.

బండి సాగిపోతోంది. వెనక అద్దంలోంచి మాస్టారు, గేటు దగ్గర అల్లుడు ఒకరినొకరు చూసుకుంటూ దూరమవుతున్నారు. ఇంకెటు చూడటానికీ ఆయనకు వీల్లేదు. కిటికీ దించి, తల బయటపెట్టి గట్టిగా అరిచారు.

"అల్లుడూ! సీటు బాగుందయ్యా!"

ఆ వెంటనే మలుపు దగ్గర ఇంకేదో కూడా అరిచారు. మోకాళ్ళకు చోటు చాల్లేదనో ఏదో. అల్లుడు అది వినిపించుకోలేదు.