టంకశాల కాటా

పొద్దున డ్యూటీకి వచ్చే ప్రతివాళ్లనీ టంకశాల గేటు దగ్గర కాటా ఎక్కిస్తారు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ ఎక్కిస్తారు. దేశానికి కావలసిన నాణేలు తయారయ్యే చోటు మరి, చెప్పులో ఒక్క బిళ్ల దాచుకున్నా దొరికిపోవాలి. తిన్న తిండిని ఆ కాటా పట్టించుకోదు. లోపల ఉండగా ఎవరికైనా ఇచ్చిన మాటని మాత్రం వదలకుండా తూస్తుంది. అందుకే అక్కడివాళ్లు ఏమడిగినా "చూద్దాంలే" అంటారు.

అలాంటి చోటికి ఛైర్మన్‌గా ఎవర్ని పంపారంటారా? ఒక వార్డు నాయకుణ్ణి! ఎన్నికల్లో టికెట్ ఎగ్గొట్టి, అలగకుండా పార్టీవాళ్లు ఈ కుర్చీ ఇచ్చారు. కుళాయి రాదన్నా, కొడుకుకి పని లేదన్నా "అయిపోయిందనుకో" అనడం ఆయనకి ముప్పయ్యేళ్ల అలవాటు. చెడ్డవాడేం కాదు పాపం, కాదనడం చేతకాదంతే.

మొదటిరోజు సాయంత్రం గార్డు తల గోక్కున్నాడు. "ఎక్కువ చూపిస్తోందండి. ఎవరికో మాటిచ్చినట్టున్నారు."

"నేను ఛైర్మన్‌నయ్యా!"

"ఎవరికైనా అంతేనండి."

ఆ రోజు వచ్చి ఉద్యోగాలడిగిన వార్డువాళ్లందరికీ ఫోన్ చేసి "నా వల్ల కాదు" అన్నాకే ముల్లు దిగింది. ఆ తర్వాత వార్డు నుంచి మనిషన్నవాడు రావడం మానేశాడు.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకి భార్య ఫోన్ చేసింది. వాళ్ల కూతురు ఎదుటి పార్టీ వాళ్లబ్బాయిని చేసుకుంది. పరువు పోయిందని ఆయన దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు.

"దానికి పాప పుట్టిందండీ. ఇప్పుడైనా ఇంటికి తీసుకురండి."

"రేపే వెళ్లి తెస్తా. అయిపోయిందనుకో."

జన్మలో మొదటిసారి ఆయన మనస్ఫూర్తిగా అన్న మాట అది. సాయంత్రం ముల్లు చివరికంటా వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"తీసుకొస్తేగానీ మాట తీరదు, మాట తీరితేగానీ గేటు దాటలేను. ఇదెక్కడి గోలయ్యా!"

"తేలేనని అమ్మగారికి చెప్పేయండి సార్, మొన్న అందరికీ చెప్పినట్టే."

"చచ్చినా చెప్పను" అన్నాడాయన.

ఇక ఆఫీసు సోఫాయే మంచమైంది. కూతురు ఫోన్ ఎత్తలేదు. పైవాళ్లకి చెప్పుకుంటే, పదవి పుచ్చుకున్నది నువ్వేగా అన్నారు. కింద యంత్రాలు ధనాధన్‌మంటూ నాణేలు కొడుతుంటే టేబుల్ మీద నీళ్లు వణికేవి. భార్య రోజూ ఉతికిన బట్టలు తెచ్చి గేటు ఊచల్లోంచి ఇచ్చేది. పాపకి పేరు పెట్టారని, బోర్లా పడుతోందని చెప్పేది. ఆయన ఊచలు పట్టుకుని వినేవాడు.

ఒకరోజు ఆవిడ బట్టలు తేలేదు. భుజాన సంచి ఉంది.

"ఇంక తేవక్కర్లేదండీ. మీరిచ్చిన ఆ మాట నుంచి మిమ్మల్ని వదిలేస్తున్నా."

"అలా అనకు. ఏదో ఒకటి చేస్తాను కదా."

"ఎన్నాళ్లని? నేనే వెళ్లి దాని దగ్గరుంటాను. మిమ్మల్నీ రమ్మననా అని అడిగాను. వద్దంది."

ఆవిడ కళ్లు తుడుచుకుని బస్టాపు వైపు వెళ్లిపోయింది. గార్డు ఆయన్ని చెయ్యి పట్టుకుని కాటా ఎక్కించాడు. ముల్లు బుద్ధిగా దిగి, ఆయన లోపలికొచ్చిన నాటి పొద్దుటి అంకె దగ్గర నిలబడింది. గేటు తీశారు. ఆయన పరుగున బయటికొచ్చేసరికి బస్టాపులో ఎవరూ లేరు.

"ఏ బస్సెక్కిందో చూశావా?"

"లేదండి. అయినా అమ్మాయిగారిల్లు మీకు తెలుసుగా?"

ఆయనకి తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.