దూరమునకు సుంకము

శ్రావణ బహుళ పంచమినాడు నీలాద్రిరావుగారు స్వహస్తములతో వండుకొనినది ఆనపకాయ పులుసును మామిడల్లపు పచ్చడియు. ఆనాడు ఉప్పు సరిగా గుదిరెను. నీలమేఘమాలికావగుంఠితమైన నభోమండలము విజయనగరపు కోటబురుజులపైకి వ్రాలి మధ్యాహ్నమునే సాయంసంధ్యగా మార్చుచుండగా చూరునీటి ధారలు వీధికాలువలను బొంగింపజేయుచుండగా గొడుగులు లేని బాటసారులు అంగళ్ల యరుగులపై నిలిచి వానదేవునితో బేరమాడువారివలె తలలెత్తి చూచుచుండగా ఆయన భోజనము ముగించి భార్య చూడామణి మరణధ్రువపత్రమును సంచిలో నిడుకొని బ్యాంకునకు బోయి ఆమె పేరిటి ఖాతాను మూయించి వచ్చిరి. పోయినవారి కొఱకు జేయవలసిన పనులలో నది కడపటిదని తలంచి నిట్టూర్చిరి.

ఆయన కళాశాలలో వృక్షశాస్త్రము బోధించి విశ్రాంతి గైకొనిన సౌమ్యుడు. చూడామణి గ్రీష్మారంభమున గతించినది మొదలు ఆ యింట మాట కరవయ్యెను. ఏకపుత్రుడైన శశాంకుడు పట్టము పుచ్చుకొని ఉద్యోగపరీక్షలకు జదువుచున్న యువకుడు. తండ్రి యేమడిగినను అవును కాదనుటతో సరిపెట్టుచుండెను. అయినను ప్రతిదినము దీపములు పెట్టు వేళకు అతడు తన గదిలో గేమ్ కన్సోల్ ముందర గూర్చుండి చెవులకు హెడ్‌ఫోన్ దగిలించుకొని దూరపట్టణములలో నున్న మువ్వురు కళాశాలామిత్రులతో కారుపందెము లాడుచు కేకలు వేయుచు కడుపుబ్బ నవ్వుచుండెను. గోడ కీవల నుతికిన బట్టలు మడతవెట్టుచు నీలాద్రిరావుగారు ఆ నవ్వు వినుటకై టీవీ కట్టివేయుచుండిరి. ఆ నవ్వు తన కొఱకు గాకపోయినను తన యింటనే పుట్టుచున్నది గదా యని యాయన తృప్తి.

భాద్రపదము ప్రవేశించినపిమ్మట ఆ నవ్వు హఠాత్తుగా నిలిచిపోయెను. జ్వరమేమో యనుకొనిరి. మిత్రులతో గలహమేమో యనుకొనిరి. యంత్రము చెడెనేమో యని తుదకు గదిలోనికి దొంగి చూడగా తెరపై జనశూన్యమైన రాజమార్గమున నొకే కారు పరుగిడుచుండెను. శశాంకుడు హెడ్‌ఫోన్ లేకయే కూర్చుండియుండెను.

"మిషన్ పాడైందిట్రా?"

"లేదు నాన్నా. చందా అయిపోయింది. వాళ్లతో కలిసి ఆడాలంటే నెలనెలా కట్టాలి."

"మిషన్ కొన్నాం. ఆట కొన్నాం. ఇంటర్నెట్‌వాడికి వేరే కడుతూనే ఉన్నాను. మళ్లీ ఇదెవడికి?"

"మిషన్ కంపెనీవాళ్లకే."

"నీ స్నేహితులూ కట్టాలా?"

"ఎవరిది వాళ్లే కట్టుకోవాలి."

"బావుందిరా! క్యారేజీ మనదే, కూరా మనదే. నలుగురం కూచుని తిన్నందుకు నలుగురి దగ్గరా వసూలా! పోనీ, నేను నీ పక్కన కూచుని ఆడితేనో?"

"దానికేం అక్కర్లేదు. పక్కనున్నవాళ్లతో ఊరికే ఆడొచ్చు. దూరంగా ఉన్నవాళ్లతోనే డబ్బు."

పొరుగునకు లేని పన్ను దూరమునకేల విధింపబడెనో ఆ విద్వాంసునకు ఎంత యోచించినను బోధపడలేదు.

"మరి ఇన్నాళ్లూ ఎవరు కట్టారు?"

శశాంకుడు తెరనుండి చూపు మరల్చకయే పలికెను. "అమ్మ ఖాతాలోంచి దానంతటదే పోయేది. నువ్వు మూసేశావుగా."

"చెప్పొద్దుట్రా?"

"ఏమని చెప్పను?"

నీలాద్రిరావుగారు ఈవలికి వచ్చి మడతవెట్టిన బట్టలనే మరల మడతవెట్టిరి. మరణించిన యిల్లాలు మాసము తప్పక కుమారుని నవ్వునకు మూల్యము చెల్లించుచుండగా బ్రతికియున్న తాను సంతకము చేసి దానిని నిలిపివేసితినా యని యాయన మనస్సు కలగుండువడెను. యంత్రములకు గృతజ్ఞత యుండునో లేదో యాయన యెఱుగరు గాని ఆ మూడుమాసములు పోయినవారిచేతి సొమ్మును ప్రశ్నింపక పుచ్చుకొనినందులకు దానిని దూషింప మనసు రాలేదు.

మఱునాటి సాయంకాలము కొడుకునకు జెప్పక మూడు లాంతర్ల కూడలి కడనున్న ఎలక్ట్రానిక్స్ దుకాణమునకు బోయి ఆటల చందా కార్డు నడిగిరి.

"ఏ కంపెనీదండీ బాబూ? రెండు రకాలున్నాయి," అనెను దుకాణదారుడు.

"పేరు తెలీదయ్యా. నల్లగా ఉంటుంది."

"రెండూ నల్లగానే ఏడుస్తాయండి బాబూ! ఇంటికి ఫోను కొట్టి కనుక్కోండి."

ఫోను చేసినయెడల వలదనునేమో యను భయమున ఆయన చేయలేదు. ఆకును జూచి కులము చెప్పగల యా శాస్త్రజ్ఞుడు ఎదుట నున్న నీలము కార్డును హరితము కార్డును దీర్ఘకాలము పరికించి జీవితాంతము దన్ను బోషించిన వర్ణమునందే విశ్వాసముంచి హరితమును గొని యింటికి వచ్చి ప్రసాదమువలె కొడుకు చేతనుంచిరి.

శశాంకుడు కార్డును ద్రిప్పి చూచెను. తండ్రిని జూచెను. పెదవులు బిగించెను. ఆపుకొనలేక పక్కున నవ్వెను.

"ఇది మనది కాదు నాన్నా! వేరే కంపెనీ మిషన్‌ది! దీన్ని తలకిందులుగా పెట్టినా పనిచెయ్యదు."

"ఆకుపచ్చగా ఉంది కదాని..."

"బోటనీ మేష్టారనిపించావు! ఇంకా నయం, వేర్లున్నాయేమోనని చూళ్లేదు!"

"చూశానురా, లేవు."

నడుమ గోడ లేక ఆ నవ్వును వినుట నీలాద్రిరావుగారికి బహుకాలమునకు లభించిన భాగ్యము. శశాంకుడు కన్నులు తుడుచుకొనెను. నవ్వు నిలిచిన తరువాతను తుడుచుకొనుచునే యుండెను.

రహస్యసంఖ్యపై పూతను ఇంకను గీకకపోవుటచే ఇరువురును స్కూటరుపై పోయి కార్డును మార్చుకొని వచ్చిరి. దుకాణదారుడు గొణిగెను గాని కాదనలేదు. భోజనములైన పిమ్మట గదిలో తెర వెలిగెను. శశాంకుడు హెడ్‌ఫోన్ దగిలించుకొనెను. మజ్జిగగ్లాసుతో వచ్చిన నీలాద్రిరావుగారికి మిత్రుల పలుకులు వినబడలేదు. కొడుకు ప్రత్యుత్తరములు మాత్రమే వినబడెను.

"లేదెహే, అలక కాదు... మిషన్ బానే ఉంది... చందా కట్టలేదంతే... ఎప్పుడూ అమ్మే కట్టేది."

తెరపై నాలుగు కార్లు బయలుదేరు గీతకడ నిలిచి కదలకయుండెను.

"మీకు చెప్పలేదురా. అమ్మ పోయింది. మే నెలలోనే."

నీలాద్రిరావుగారు ద్వారమునందే నిశ్చేష్టులై నిలిచిపోయిరి. ఇంతకాలము ఆ మువ్వురి లోకమున చూడామణి సజీవయై యుండెనని, పుత్రుడు ప్రతిసాయంకాలము ఆ లోకమునకు బోయి నవ్వివచ్చుచుండెనని ఆయన కప్పుడు తెలిసెను. ఆ దినమున దాను మూల్యమిచ్చి తెచ్చినది కొడుకు నవ్వో లేక ఏడుపో ఆయనకు దెలియరాలేదు. శశాంకుని భుజములు మెల్లగా గదలుచుండెను. దూరమునున్న వారెవరో ఏమో చెప్పుచుండగా అతడు చిన్నపిల్లవానివలె ఊకొట్టుచుండెను.

నీలాద్రిరావుగారు మజ్జిగగ్లాసును గడపప్రక్కనున్న బల్లపై నుంచి దానిపై మూతవెట్టి చప్పుడు గాకుండ ఆ గది తలుపు చేరవేసిరి.