ఒడిబియ్యం ఆదివారమేనా?

ఒడిబియ్యానికి బియ్యం ఏరడమంటే వంటకు ఏరినట్టు కాదు. వండుకునే బియ్యంలో నాలుగు నూకలున్నా ఎవరికీ పట్టదు గానీ, పెళ్ళైన ఆడబిడ్డను పుట్టింటికి పిలిచి, పసుపు కలిపి ఆమె ఒడిలో పోసే బియ్యంలో విరిగిన గింజ కనబడకూడదు. అందుకని నర్మద పొద్దుటి పనంతా ముగించి, వరండాలో ఫ్యాను కింద చేట ముందేసుకుని కూర్చుంది. ఇంకో రోజైతే ఈపాటికి నడుం పట్టేసి, తనలో తనే గొణుక్కుంటూ ఉండేది. ఇవాళ మాత్రం ఆమె మొహం వెలిగిపోతోంది. కారణం చేట పక్కనున్న ఫోను. అందులో పరీక్షకు నమూనా ప్రశ్నలున్నాయి. గుప్పెడు బియ్యం ఏరడం, ఒక ప్రశ్న చదవడం, జవాబు తట్టగానే ఒక్కతే నవ్వుకోవడం.

"ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అంది అత్త రేణుకమ్మ, మామిడి తొక్కు పచ్చడి కోసం వెల్లుల్లి పొట్టు తీస్తూ.

"ఏం లేదత్తమ్మా."

ఏం లేకపోవడమేమిటి, బోలెడంత ఉంది. ఏరుతున్న బియ్యం వచ్చే ఆదివారం ఆడబిడ్డ భవానికి పోసే ఒడిబియ్యానికి. చదువుతున్న ప్రశ్నలూ ఆ ఆదివారానికే. ఆ సంగతి ఇంట్లో నర్మదకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

నర్మద ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి పాఠాలు చెబుతుంది. వేసవి సెలవులు పిల్లలకే గానీ టీచర్లకు కావు. అడ్మిషన్ల కోసం కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. తిరిగినందుకు పైసా రాదు, తిరగకపోతే మాత్రం మాట వస్తుంది. అలా ఒక రోజు శేరిగూడలో మాడిపోయే ఎండలో తిరిగి తిరిగి, ఒక ఇంజనీరింగ్ కాలేజీ గోడ నీడన నిలబడినప్పుడు, తోటి టీచరు నందిని ఆ కబురు చెప్పింది.

"అక్కా, నీకెరుకేనా? బి.ఎడ్. ఎంట్రెన్సు మొత్తం మార్చిండ్రంట. బట్టీకొట్టే ప్రశ్నలు తీసేసిండ్రు. పిల్లగాడు గిట్ల చేస్తే నువ్వేం చేస్తవ్, గీ పేరా చదివితే నీకేం సమజైంది, అన్నీ గట్లనే అడుగుతరంట. నేను రాస్తున్న. నువ్వు గుడ రాయరాదూ?"

"నేనొకసారి రాసిన గదనే."

"గది పాత పరీక్ష. గిది కొత్తది. ఆ ఫెయిలుకు దీనికేం సంబంధం?"

నర్మద కరపత్రాల కట్ట మళ్ళీ చేతిలోకి తీసుకుంది. కానీ ఆ సాయంత్రమే నందిని ఫోను తీసుకుని దరఖాస్తు పెట్టేసింది. రాస్తానో రాయనో తరువాత చూసుకోవచ్చులే అనుకుంది. అనుకుని, ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా చపాతీలు ఒత్తింది.

నందిని పంపిన నమూనాలో మొదటి ప్రశ్నే ఆమెను పట్టేసింది. తరగతిలో ఎంత అడిగినా నోరు విప్పని ఒక పిల్ల, అన్నం తినేటప్పుడు అదే జవాబు పక్క పిల్లకు చెబుతోంది. టీచరుగా మీరేం చేస్తారు? నర్మదకు నవ్వాగలేదు. నిరుడు తన తరగతిలో అచ్చం అలాంటి పిల్లే ఉండేది. బి.ఎడ్. లేదు కదా అని బడిలో మధ్యాహ్న భోజనాల డ్యూటీ ఎప్పుడూ నర్మద నెత్తినే వేస్తారు. "బి.ఎడ్. మేడమ్‌లకు నోట్సులు దిద్దుకునే పనుంటది, మీరు జర పిల్లల్ని చూసుకోండ్రి" అంటాడు ప్రిన్సిపాలు, అదేదో ఆమెకు మేలు చేస్తున్నట్టు. ఆ డబ్బాల మధ్య తిరుగుతూనే ఆమె ఆ పిల్ల గొంతు విన్నది. మర్నాటి నుంచి లెక్కల ప్రశ్నలు అన్నం దగ్గరే అడిగింది. నెల తిరిగేసరికి ఆ పిల్ల తరగతిలో కూడా చెయ్యెత్తింది. అవమానమనుకుని చేసిన పని పరీక్షలో ప్రశ్నగా వచ్చి కూర్చుంటే ఎవరికి మాత్రం ఒళ్ళు పులకరించదు?

అయినా భయం ఉంది. లేదనడం అబద్ధం. కిందటిసారి రాసినప్పుడు సర్కారు కాలేజీలో సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఆ ఫలితం వచ్చిన వారమే ఎవరిదో పెళ్ళి. బంతిలో అందరూ భోజనాలకు కూర్చున్నాక, భర్త పరమేష్ గట్టిగా, "మా ఇంట్ల టీచరమ్మకు పరీక్షంటే భయం, పిల్లలకు మాత్రం బాగనే పెడ్తది" అని నవ్వాడు. బంతంతా నవ్వింది. వడ్డిస్తున్నవాడు కూడా నవ్వాడు. నర్మద తలవంచుకుని బగార అన్నం కలుపుకుంది. ఆ పరీక్ష పొద్దున ఇంటినిండా ఉన్న చుట్టాలకు పూరీలు ఒత్తి, కాల్చి, అందరూ తిన్నాక ఉరుకులు పరుగుల మీద బస్సెక్కి, చేతుల నూనె వాసన పోకుండానే హాల్లో కూర్చున్న సంగతి ఆ బంతిలో ఎవరూ చెప్పలేదు. నర్మద కూడా చెప్పుకోలేదు. తన బుర్రే మొద్దుదని ఇన్నాళ్ళూ తనూ నమ్మింది.

మధ్యాహ్నం పరమేష్ భోజనానికొచ్చాడు. మన్నెగూడ చౌరస్తాలో ప్లాట్లు అమ్మిపెట్టే ఆఫీసు అతనిది. పప్పు వడ్డిస్తూనే నర్మద అనేసింది.

"ఆదివారం నాకు పరీక్షుంది. బి.ఎడ్. ఎంట్రెన్సు."

పరమేష్ చేతిలో ముద్ద ఆగింది. "మళ్ళానా? ఒకసారి రాసి ఏమైందో మరిచినవా? ఊరందరికి ఎరుకే గద."

ఊరందరికీ ఎలా ఎరుకైందో ఇద్దరికీ తెలుసు. నర్మద పప్పు గిన్నె కింద పెట్టింది. "ఈసారి పరీక్ష మార్చిండ్రు."

"పరీక్ష మార్చిండ్రు, నువ్వు మారినవా?" అని తన మాటకు తనే నవ్వుకున్నాడు.

రేణుకమ్మ అందుకుంది. "ఆదివారం భవానికి ఒడిబియ్యమాయె. ముందుగాల వదినే పొయ్యాలె. నువ్వు లేకుంటే ఎట్లయితదే?"

"ఇంకో దినం పెట్టుకోరాదా అత్తమ్మా? పంతులు చెప్పిన దినమా?"

"పంతులెందుకు? ఆదివారమైతే అందరికి తీరికుంటది. నాకు గుడ వీలైతది" అన్నాడు పరమేష్. "పరీక్షకేముంది, మళ్ళొచ్చే ఏడు గుడ పెడ్తరు. ఇంకింత పప్పెయ్యి."

నర్మద పప్పు వేసింది. వేసి, మళ్ళీ చేట దగ్గరికి వచ్చి కూర్చుంది.

అందరికి తీరికట! ఆ అందరిలో తను ఎప్పుడూ లేదు. ఆదివారమంటే ఈ ఇంట్లో రెండుసార్లు ఎక్కువ వంట, ఒక బకెట్టు ఎక్కువ బట్టలు. ఇల్లు కట్టేటప్పుడు వంటగది ఎటు ఉండాలో అడగలేదు, సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోయిన బిడ్డను ఏ బడిలో వెయ్యాలో అడగలేదు, "నీకేం తెలుసు ఊకో" అన్న మాట విని విని చెవులు అరిగాయి. ఇవాళ హఠాత్తుగా ఆమె లేకపోతే ఏదీ కాదట. ఎంత గౌరవం! ఒళ్ళు మండింది నర్మదకు. కానీ ఆ మంట అడుగున ఇంకొకటి కూడా మెదిలింది, దాన్ని చూసి ఆమె ఇంకా ఎక్కువ ఉలిక్కిపడింది. ఒడిబియ్యం ఎంత మంచి సాకు! పరీక్షకు పోకపోతే ఫెయిలయ్యే పనే లేదు. వదినగా ముందు నిలబడి బియ్యం పోస్తే నలుగురూ మెచ్చుకుంటారు. ఇంకో బంతిలో ఎవరూ నవ్వరు. నందినికి, "ఏం జెయ్యాలె, ఇంట్ల పనిబడె" అని చెప్తే ఆ పిల్ల కూడా పాపం అంటుంది. ఆడవాళ్ళకు ఇంటి పని ఎంత హాయిగా దాక్కునే చోటో ఆమెకు అప్పుడు తెలిసి వచ్చింది. సరే, మానేద్దాం అనుకుంది. నిజంగానే అనుకుంది. ఫోను ఆపేద్దామని చేతిలోకి తీసుకుంది.

తెర మీద ఇంకో ప్రశ్న ఉంది. ఇద్దరు పిల్లలు ఒకే లెక్కను రెండు రకాలుగా చేశారు, జవాబు ఇద్దరిదీ సరైనదే, పుస్తకంలో ఉన్న పద్ధతి ఒక్కరిదే. ఎవరికి మార్కులేస్తారు? ఇద్దరికీ వెయ్యాలి, ఇద్దరినీ బోర్డు దగ్గరికి పిలవాలి, ఒకరి పద్ధతి ఇంకొకరి చేత చెప్పించాలి! నర్మద పైకే అనేసింది. అనేసి, ఆ కింద ఇంకోటి చదివింది. ఆ తరువాత ఇంకోటి. ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబులు నాలుగూ నచ్చక ఫోనుతో కాసేపు కొట్లాడింది. గుండె దడదడలాడుతోంది, చిన్నప్పుడు ఖోఖోలో వీపు మీద ఖో పడేముందు ఆడినట్టు. భయం పోలేదు గానీ, దాన్ని పక్కకు తోసుకుని ఆత్రం వచ్చి కూర్చుంది. ఆ హాల్లో కూర్చోవాలి. ఈ ప్రశ్నలు తననే అడగాలి. ర్యాంకు సంగతి దేవుడెరుగు, జవాబులు మాత్రం తన దగ్గరున్నాయి, చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టుంది!

ఫోను ఎటూ చేతిలోనే ఉంది. నాదర్‌గుల్‌లో ఉన్న ఆడబిడ్డ భవానికి చేసింది.

"భవానీ, ఆదివారం ఒడిబియ్యమంటే నీకు వీలేనా?"

"గిదేంది వదినా, నన్నడుగుతున్నవ్?"

"ఒడిబియ్యం నీకే గద."

"అన్న ఫోన్ జేసి ఆదివారం రా అన్నడు, గంతే. ఆదివారం మా బట్టల షాపుల ఊపిరాడదు వదినా. సెలవడిగితే మా మేనేజరు మొహం గింత జేసిండు. నాకు సోమవారం సెలవుంటది."

"మరి అన్నకు చెప్పలేదా?"

"అడిగితే గద చెప్పేది! నా ఒడిబియ్యానికి నేనే చుట్టాన్నయిన."

నర్మదకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. పరీక్ష సంగతి చెప్పింది. భవాని ఒక్క కేక పెట్టింది, షాపులో ఎవరో ఏమైందని అడగడం ఇక్కడికి వినబడింది.

"మళ్ళ రాస్తున్నవా! మస్తు పని జేసినవ్ వదినా. నేను సోమవారమే వస్త. నువ్వు నా ఒడిల బియ్యం పోసుకుంట, ఏమేం అడిగిండ్రో ఒక్కొక్కటి చెప్పాలె. ఆదివారం పొద్దుగాల ఆ ఇంట్ల పొయ్యి ముట్టించకు, చెప్తున్న!"

పొద్దుగూకే వేళకు బియ్యం ఏరడం అయిపోయింది. చేటలో తెల్లగా, నిండు గింజలు. పరమేష్ వచ్చి చాయ్ కోసం కూర్చున్నాడు. నర్మద కప్పు అందించి, నిలబడే చెప్పింది.

"ఒడిబియ్యం సోమవారం. ఆదివారం పొద్దున నేను పరీక్షకు పోతున్న. నాష్తా మీరే చూసుకోవాలె."

పరమేష్ చాయ్ వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. "మళ్ళ ఫెయిలైతే?"

"అయితే పెండ్లిళ్ళల్ల చెప్పుకోనీకి నీకు కొత్త ముచ్చట దొరుకుతది."

పరమేష్ చాయ్ గటగటా తాగేసి కప్పు పక్కన పెట్టాడు. రేణుకమ్మ మాత్రం ఒళ్ళో వెల్లుల్లి పొట్టు దులుపుకుంటూ లేచింది.

"ఎవల్నడిగి మార్చినవే దినం?"

నర్మద చేట ఎత్తి, బియ్యాన్ని కొత్త గుడ్డలోకి ఒంపింది. ఒక్క గింజ కింద పడలేదు.

"ఒడి ఎవరిదో, వాళ్ళనడిగిన అత్తమ్మా."