వంగి కూర్చున్న బొమ్మ

టెక్కలిలోని ఆ ఆసుపత్రిలో నర్సు జయశ్రీకి ఒక బొమ్మ మీద మహా నమ్మకం. దిండు కావలించుకుని, గడ్డం గుండెకు ఆనించి, నడుం బాగా వంచి కూర్చున్న గర్భిణి ఫొటో అది. వెన్నులోకి మత్తు సూది సరిగ్గా దిగాలంటే అలాగే కూర్చోవాలి. నోటితో ఎంత చెప్పినా ఒక్కరికీ ఎక్కేది కాదు. వంగమ్మా అంటే దండం పెట్టేవాళ్లు! చెప్పి చెప్పి గొంతు పోయి, విసుగెత్తి, తనే ఫొటో తీయించి అట్టకు అతికించింది. అప్పటి నుంచి చూపించడమే ఆలస్యం, ఎవరైనా ఇట్టే వంగేవారు.

ఆ రోజు కాన్పుకొచ్చిన గౌరి మాత్రం ఆ బొమ్మ చూసి కొయ్యబారిపోయింది.

"ఇలగ నాను కూకోను."

"ఏటమ్మా, భయమేటి? సీమ కుట్టినట్టుంటాది, అంతే."

"సూదికి కాదమ్మా. మా ఆయన గంగ మీదున్నాడు. మొగుడు సంద్రంలో సేపల ఏటకెల్లినప్పుడు ఆడది తల వాల్సీసి ఇలగ కూకోకూడదు. పడవ పోయినోల్ల ఆడోలు కూకుంటారిలగ. మా ఊర్లో ఎవులూ కూకోరు."

జయశ్రీ అదిరిపడి అట్ట దించేసింది. పలాసలో పుట్టి పెరిగిన మనిషి, జీడిపిక్కల సంగతి అడిగితే చెబుతుంది గానీ ఈ కట్టుబాటు ఆమెకేం తెలుసు! అయినా ఆమె అదిరింది అందుకు కాదు. ఇందాకే వరండాలో గౌరి అత్త కాసులమ్మ ఆమె చేతులు పట్టుకుని వలవలా ఏడ్చింది. తెల్లవారుజామున పడవ తిరగబడిందట. కొడుకు త్రినాథ్ శవం దొరికిందట. బిడ్డ బయటపడేదాకా కోడలికి చెప్పొద్దని ముసలిది కాళ్లావేళ్లా పడింది.

కడుపులో బిడ్డ గుండె చప్పుడు మందగిస్తోంది, వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. పూర్తిగా మత్తు ఇద్దామంటే గౌరి కడుపునిండా అన్నం తిని వచ్చింది, అది ఆమె ప్రాణానికే ముప్పు. మత్తు డాక్టరు చలపతిరావు సూది పట్టుకుని నిలబడి, "ఏదో ఒకటి చెయ్యి జయశ్రీ, బిడ్డ దక్కదు" అని కసిరాడు.

ఏం చేస్తుంది పాపం! నోటికొచ్చింది అనేసింది.

"ఓసి పిచ్చిదానా, మీ ఆయన ఇంటికొచ్చీసినాడు. ఆటోలో ఇటే వత్తన్నాడట. మీ అత్త ఇప్పుడే సెప్పింది."

"నిజమేనా?"

"నీ మీదొట్టు."

గౌరి మొహం విప్పారింది. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదేటి!" అంటూ జయశ్రీ నడుం చుట్టూ చేతులేసి, బొమ్మలో మనిషి కన్నా బాగా వంగింది. సూది ఒక్క పోటుకే దిగింది. జయశ్రీ ఎంత ఆపుకున్నా ఆగలేదు, ఆ వంగిన మెడ మీద కన్నీళ్లు టపటపా రాలాయి.

కాసేపటికి ఆడపిల్ల కెవ్వుమంది. బతికింది! జయశ్రీ బిడ్డను తెచ్చి తల్లి చెంపకు ఆనించింది. గౌరి బిడ్డను చూడలేదు. జయశ్రీ కళ్లలోకి చూసింది.

"నా మెడ మీద నీ కన్నీల్లు పడ్డాయి. ఆయన రాలేదు కదా?"

జయశ్రీ తల వాల్చేసింది. నడుం కింద స్పర్శ లేని గౌరి, చేత్తో మాత్రం జయశ్రీ మణికట్టు పట్టుకుంది.

"నాను వంగినాకేనా?"

"కాదు తల్లీ, కాదు! తెల్లారకముందే పోయాడు. నువ్విక్కడికి రాకముందే."

"ఇందాక నా మీద ఒట్టేసి అబద్దమాడినావు," అంది గౌరి. "ఇప్పుడు నిన్నెలగ నమ్మీదమ్మా?"