అడ్రసులో రెండక్షరాలు

ఏడో భాష దగ్గర ఆయన కళ్ళద్దాలు తీసి, రెప్పల్ని బొటనవేళ్ళతో నొక్కుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, తెర పైనున్న పేజీ అడ్రసులో భాషను సూచించే రెండక్షరాలు చెరిపి వేరే రెండు కొట్టాడు. ఆసుపత్రి వెబ్‌సైటు పేజీ ఎనిమిదో భాషలోకి మారింది. తర్వాతి పేజీ నొక్కాడు. అక్కడా అదే భాష. కాగితం మీద టిక్కు పెట్టాడు.

పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని, పేజీలన్నీ సరైన భాషలో వస్తున్నాయో లేదో చూడటం. ఉన్నవి పద్నాలుగు భాషలు, ఆయనకు చదవడం వచ్చినవి రెండే. మిగతావాటిని, పక్కింటి పిల్లల్ని నడకను బట్టి పోల్చుకున్నట్టు, అక్షరాల వాలును బట్టి పోల్చుకునేవాడు. ఆఫీసులో అందరూ పండితుడుగారనేవారు. మొదట్లో అది వేళాకోళం. తర్వాత అదే పేరైపోయింది.

పదకొండింటికి మేనేజరమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"అడ్రసులో భాష తీసేద్దామండీ. ఫోను ఏ భాషలో ఉంటే పేజీ అందులోనే వస్తుంది. మీకూ ఈ చాకిరీ తప్పుతుంది."

ఆయన టిక్కుల కాగితం పక్కన పెట్టాడు.

"మా అక్కావాళ్ళింట్లో ఒక్కటే ఫోనమ్మా. అది మా బావ భాషలో ఉంటుంది, అక్కకి ఆ భాష చదవడం రాదు. బావది రాత్రి డ్యూటీ. పగలు పడుకున్న మనిషిని ఆవిడ లేపదు. నేను తన భాష అక్షరాలు పెట్టి పంపిన లింకు నొక్కుకుని, డయాలసిస్ టైము తనే చూసుకుంటుంది."

"ఒక్కరి కోసమా?"

"ఇలాంటివాళ్ళు ఎంతమందో నాకు తెలీదు. తెలిసిన ఒక్కరి సంగతి చెప్పాను."

ఆమె నుదురు రుద్దుకుంది. "సరే. అడ్రసులో అక్షరాలుంటే వాటి మాటే చెల్లుతుంది, లేకపోతేనే ఫోను మాట. కానీ అన్ని భాషలూ మళ్ళీ మొదట్నించి చూడాలి, ఇవాళే."

వ్యవహారం మొదటికొచ్చింది. ఆయన భోజనానికి లేవలేదు. ఐదున్నరకు పద్నాలుగూ అయ్యాక అక్కకు లింకు పంపి ఫోను చేశాడు.

"వచ్చిందిరా. రేపు తొమ్మిదింటికట. గొంతేంటి అలా ఉంది, తిన్నావా?"

"తిన్నానక్కా."

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. తల అద్దానికి ఆనించాడు. చివరి స్టాపులో కండక్టరు భుజం తట్టాడు. రెండోసారి తట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, వెళ్ళి డ్రైవరుకు నెమ్మదిగా చెప్పాడు.

మర్నాడు తొమ్మిదింటికి, తమ్ముడు పోయినా, అక్క ఏడుస్తూనే డయాలసిస్‌కు ఆసుపత్రికి వెళ్ళింది. శుద్ధి కావాల్సిన రక్తానికి చావూ పుట్టుకా తెలియవు కదా.

ఆఫీసులో మేనేజరమ్మ ఆయన బల్ల దగ్గర చాలాసేపు నిలబడింది. కీబోర్డు పక్కన కంటిచుక్కల సీసా ఉంది. మూత సగమే బిగించి ఉంది.